ఇంట్లో హామ్ రేడియో – మూడో పాఠం: ఈ మోత ఎక్కడిది?

హామ్ రేడియో అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియోలో ఇతరులతో మాట్లాడుకోవడం. పోయిన పాఠంలో రిసీవర్‌కి తీగ తగిలించి 40 మీటర్ల బ్యాండ్ వినమని చెప్పాను. అంటే 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. మీలో చాలామందికి మనుషుల గొంతుల బదులు బరబరమనే మోతే వినపడి ఉంటుంది. సెట్ పాడైందనో, తీగ సరిగ్గా కట్టలేదనో కంగారుపడకండి. అపార్ట్‌మెంట్లలో ఉండే కొత్తవాళ్లు మొదటి నెలలోనే నిరుత్సాహపడడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఈ మోతే. అందుకే ఈసారి పాఠమంతా దాని మీదే. దీనికి ఇంట్లోవాళ్ల సాయం కూడా కావాలి.

ముందు టైమ్ కుదుర్చుకోండి. ఎండ ఎక్కేకొద్దీ అయనోస్ఫియర్‌లోని (రేడియో తరంగాలను తిప్పి పంపే పై వాతావరణం) డీ లేయర్ అనే కింది పొర ఈ బ్యాండ్ తరంగాలను మింగేస్తుంది. మిట్టమధ్యాహ్నం దూరపు స్టేషన్లు నీరసంగా వస్తాయి. రాత్రి ఆ పొర ఉండదు కాబట్టి వేల కిలోమీటర్ల అవతలివాళ్లు కూడా వినపడతారు. తెల్లవారాక కాసేపు బెంగళూరు, చెన్నై లాంటి నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలోని స్టేషన్లు హైదరాబాద్‌లో హాయిగా వినపడతాయి. సాయంత్రం కూడా బాగానే ఉంటుంది కానీ, అది పిల్లల హోంవర్క్ వేళ. నేను పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర పెట్టుకున్నాను. స్కూల్ బ్యాగులు సర్దే టైమ్‌కి సెట్ కట్టేస్తాను. అరగంట అని చెప్తే అరగంటే. ఈ మాట నిలబెట్టుకుంటే మిగతావన్నీ ఇంట్లో సులువవుతాయి.

ఇక మోత సంగతి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, టీవీ బాక్సుల అడాప్టర్లు... వీటిలో చాలావాటిలో కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. నాసిరకం వాటిలో ఫిల్టర్ సరిగ్గా ఉండదు. అప్పుడు వాటి వైర్లే యాంటెన్నాలై ఆ మోతను ఇల్లంతా చల్లుతాయి.

దొంగను పట్టడానికి సెట్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపి, ఇంటి మెయిన్ ఆపాలి. ఆపేముందు అందరినీ అడగండి. ఎవరికైనా ఆఫీస్ కాల్ ఉందా, ఆన్‌లైన్ క్లాస్ ఉందా, కరెంటు మీద నడిచే వైద్య పరికరం ఏదైనా ఉందా కనుక్కోండి. అలాంటి పరికరం ఉంటే మెయిన్ జోలికి పోవద్దు. నేను మొదటిసారి ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మా ఆవిడ అప్పుడు మీటింగ్‌లో ఉంది. తన పనికి నేను విలువ ఇవ్వలేదని ఆమె బాధపడింది, అది న్యాయమే. అప్పటి నుంచి ముందు రోజే చెప్పి పెట్టుకుంటాను.

మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపాలి, మరిచిపోకండి. ఒక్కోసారి మోత చేసేది అదే. అన్నీ ఆపాక కూడా మోత అలాగే ఉంటే అది పక్క ఫ్లాట్‌దో వీధిదో. దాని గురించి మరో పాఠంలో చెప్తాను. తగ్గిందంటే మన ఇంట్లోదే. అప్పుడు బోర్డులోని ఎంసీబీలు (ఒక్కో గదికి కరెంటు ఆపే స్విచ్చులు) అన్నీ దించి, మెయిన్ వేసి, వాటిని ఒక్కొక్కటే పైకెత్తాలి. బోర్డు దగ్గర ఒకరు, సెట్ దగ్గర ఒకరు ఉండాలి.

మా ఇంట్లో బోర్డు దగ్గర మా అమ్మాయి నిలబడింది. నేను సెట్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ చూస్తూ అంకెలు చెప్తున్నాను. హాలు, మూడు. బెడ్‌రూమ్, మూడు. వంటిల్లు, మూడే. నాలుగోది ఎత్తగానే ముల్లు ఎనిమిదికి ఎగిరింది. "నాన్నా, ఇది పూజగది!" అని అరిచింది. ఒక్కో ఎస్ యూనిట్ ఆరు డెసిబెల్స్ కనుక, మూడు నుంచి ఎనిమిదికి వెళ్లడమంటే మోత పవర్ వెయ్యి రెట్లు పెరిగినట్టు.

ఏ గదో తెలిశాక ఏ వస్తువో తెలియాలి. ఇక్కడ పాత ట్రాన్సిస్టర్ రేడియో బాగా పనికొస్తుంది. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, వాల్యూమ్ పెంచి, ఒక్కో వస్తువు దగ్గరికి తీసుకెళ్లండి. దొంగ దగ్గరపడేకొద్దీ గరగర పెరుగుతుంది. మా పూజగదిలో అది దసరాకి దేవుడి పటాల చుట్టూ కట్టిన సీరియల్ సెట్టు అడాప్టర్. అమ్మ రోజూ పొద్దున్నే వెలిగిస్తుంది, సరిగ్గా నేను వినే వేళకి.

ఆ అరగంట లైట్లు ఆపమని అడగడం తేలిక. కానీ అడగొద్దు. ఆ వెలుగు అమ్మకి ఇష్టం, మన సరదా కోసం దాన్ని ఆపడం బాగోదు. నేను కాస్త మంచి అడాప్టర్ కొన్నాను, వోల్టేజ్, ఆంపియర్లు పాతదానితో సరిపోయేలా చూసి. దాని సన్న వైరును మోతను అడ్డుకునే ఒక ఫెర్రైట్ రింగుకి (అయస్కాంత పదార్థపు ఉంగరం) ఏడెనిమిది చుట్లు చుట్టాను. ముల్లు మళ్లీ మూడుకి దిగింది. అడాప్టర్ మూత మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది.

మర్నాడు పొద్దున్న ఎల్ఎస్‌బీలో (ఈ బ్యాండ్‌లో గొంతు పంపే పద్ధతి) నాబ్ మెల్లగా తిప్పుతుంటే ముందు బాతు అరిచినట్టు వినపడింది. ఇంకా వెంట్రుకవాసి జరిపేసరికి అది మనిషి గొంతైంది. "విక్టర్ యూనిఫామ్ టూ..." (అంటే VU2) అని బెంగళూరు నుంచి ఎవరో పెద్దాయన. కాల్‌సైన్‌లోని (ఒక్కో హామ్‌కి ఇచ్చే గుర్తింపు పేరు) అక్షరాలు అమ్మాయే రాసుకుంది.

"ఫోన్ ఉండగా ఇదెందుకురా?" అని అమ్మ అడిగితే నేను 2004 డిసెంబరు 26 గురించి చెప్పాను. హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం ఆ రోజుల్లో సరదాగా రేడియో నడపడం కోసమే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. సునామీకి ఫోన్లు పోయాయి. అండమాన్‌లో ఉన్నవాళ్ల క్షేమ సమాచారం ఆ రేడియోల మీద బయటికొచ్చింది.

ఈ వారం అభ్యాసం: మోత వేట పూర్తి చేసి, ముందు ముల్లు ఎంత ఉంది, తర్వాత ఎంతకి దిగింది రాసి పెట్టుకోండి. తర్వాత రోజుకో అరగంట విని, వినపడిన కాల్‌సైన్, ఫ్రీక్వెన్సీ, టైమ్ లాగ్‌లో (విన్నవాటి చిట్టా) ఎక్కించండి. టైమ్ యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఒకే టైమ్) రాయాలి, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే సరి. తెల్లవారుజామున ఐదున్నర లోపు విన్నవాటికి తేదీ ముందు రోజుది పడుతుంది, అక్కడ అందరూ తప్పుతారు. లైసెన్స్ వచ్చేవరకు మైక్ మాత్రం నొక్కకూడదు. సెట్ ఇంకా కొననివాళ్లు నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్‌ని (ఇంటర్నెట్‌లో వినగలిగే రిసీవర్) బ్రౌజర్‌లో తెరిచి, అక్కడ వినపడే యూరప్ స్టేషన్లతో లాగ్ రాయండి.

వచ్చే పాఠానికి ఆ లాగ్ దగ్గర పెట్టుకోండి. అందులోని కాల్‌సైన్లను చూసి ఏది ఏ దేశానిదో గుర్తుపడదాం.