జిరాక్స్ మెషీన్‌తో పంక్ జైన్ తయారీ

1976 జులైలో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా ‘స్నిఫిన్ గ్లూ’ అనే పంక్ జైన్ మొదలుపెట్టాడు. జైన్ అంటే అభిమానులే సొంతంగా తయారుచేసి పంచుకునే చిన్న పత్రిక; ఇది పంక్ రాక్ సంగీతం గురించి. టైప్‌రైటర్ అక్షరాలు, స్కెచ్ పెన్ శీర్షికలు, కొట్టివేతల్ని కూడా అలాగే ఉంచేశాడు. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

4 ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీలు. కాగితానికి ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పేజీల అంకెల మొత్తం ఎప్పుడూ 17 రావాలి. పై కాగితానికి ఒకవైపు ఎడమన 16, కుడిన 1. వెనక ఎడమన 2, కుడిన 15. ముందు ఖాళీ కాగితాలతో ఒక డమ్మీ (నమూనా) మడిచి, పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. ఈ పని దాటేస్తే పేజీలన్నీ తారుమారవుతాయి.

చుట్టూ 1 సెంటీమీటరు ఖాళీ వదలండి, అంచుల్ని మెషీన్ తినేస్తుంది. కత్తిరించిన రాతల, బొమ్మల ముక్కల్ని గ్లూ స్టిక్‌తోనే అంటించాలి. నీళ్ల జిగురుకు కాగితం ముడతపడుతుంది, ఆ ముడత నీడ కాపీలో నల్లగీతగా దిగుతుంది. ముక్కల అంచులకు వైట్‌నర్ సన్నగా పూసి, పూర్తిగా ఆరనివ్వండి. తడిగా పెడితే గాజు మీద మరక పడి ప్రతి కాపీలోనూ కనిపిస్తుంది.

మామూలు ఫొటోల్లో ముఖాలు నల్లముద్దలవుతాయి. ముందే పలచగా ఒక కాపీ తీసి దాన్ని అంటించండి. న్యూస్‌పేపర్ ఫొటోల్లో చుక్కలుంటాయి కాబట్టి అవి బాగా వస్తాయి.

షాపులో రెండువైపులా తీసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమనండి. లేకపోతే వెనక పేజీలు తలకిందులే. 50 కాపీలకు ముందు ఒక్కటి తీయించి, మడిచి చూడండి.

పొడుగు స్టేప్లర్ లేదా? మామూలు స్టేప్లర్‌ను పూర్తిగా తెరిచి, జైన్‌ను థర్మోకోల్ మీద పెట్టి మడతలో 2 పిన్నులు దించి, లోపలివైపు స్పూన్‌తో వంచండి.