పర్యావరణ హిత ఆహారం – 3వ పాఠం: ముందు ఒంటికి సరిపోవాలి

గత పాఠంలో మీ వారం తిండిని పట్టికగా రాసుకుని, భూమికి ఎక్కువ భారమయ్యేవాటిని గుర్తించారు. వాటి మీద గీత కొట్టేస్తే పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ రోజు నేర్చుకోవాల్సింది గీత కొట్టాక ఏం చేయాలన్నది.

కేలరీల లెక్కన చూస్తే, చక్కెర వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులు చాలా కూరగాయల కన్నా తక్కువ. ఆ ఒక్క లెక్కనే నమ్ముకుంటే చక్కెర, మైదా నిండిన కంచం గెలుస్తుంది, తిన్న మనిషి జబ్బుపడతాడు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒంటికీ భూమికీ మేలు చేసే ఆహారం గురించి 2019లో ఇచ్చిన 16 మార్గదర్శక సూత్రాల్లో మొదటి 8 ఆరోగ్యం గురించే. తర్వాత పర్యావరణానికి 5, సమాజానికి, సంస్కృతికి 3. మొట్టమొదటిది తల్లిపాల గురించి. ఆ వరుస సరైనదని నా గట్టి నమ్మకం.

ఇక పట్టిక తీయండి. గీత కొట్టిన ప్రతి పదార్థం పక్కన రెండు విషయాలు రాయండి: దాంతో పాటు ఏ పోషకం పోతోంది, దాని బదులు ఏం తింటారు.

మాంసమే తీసుకుందాం. ప్రొటీన్ గురించి అందరికీ టెన్షనే గానీ, పప్పులు, చిక్కుడు జాతి గింజలు సరిపడా తింటే ఆ లోటు తీరుతుంది. ఐరన్‌తోనే జాగ్రత్త. మొక్కల నుంచి వచ్చే ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది. భోజనంలో విటమిన్ సి ఉన్న పండో కూరగాయో ఉంటే మెరుగ్గా పడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే తగ్గిపోతుంది. పాలు, గుడ్లు, చేపలు కూడా మానేస్తే బి12 మాత్రో, బి12 కలిపిన ఆహారమో తప్పనిసరి. కాలేయంలో నిల్వ ఉండడం వల్ల ఈ లోపం కొన్నేళ్ల దాకా బయటపడకపోవచ్చు, ఆలోగా నరాలు దెబ్బతినొచ్చు. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఒకే పట్టిక అందరికీ పనికిరాదు. వాళ్లకు విడిగా రాయండి, డాక్టర్‌కు చూపించాకే మార్పులు చేయండి.

అభ్యాసం: ఈ వారం ఒక్క పదార్థాన్నే మార్చండి. ఆ మార్పుతో ఆకలి, ఓపిక ఎలా ఉన్నాయో రోజూ రాసుకోండి. వచ్చే పాఠంలో చేపల సంగతి చూద్దాం: గుండెకు మేలు చేస్తాయి, కానీ సముద్రాల్లో కొన్ని రకాలు తరిగిపోతున్నాయి.