ప్లూటో బోర్డుతో ఐక్యూ ఇమేజ్‌ను కొలిచి సరిదిద్దడం ఎలా?

వైర్‌లెస్ హార్డ్‌వేర్, సిగ్నల్ ప్రాసెసింగ్ కలిసే చోట పోస్ట్‌డాక్ చేయాలనుకునే మనవాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. సిమ్యులేషన్ గ్రాఫులు అందరి దగ్గరా ఉంటాయి. అసలు బోర్డు మీద ఒక లోపాన్ని కొలిచి, అది ఎక్కడ పుట్టిందో తేల్చి, సరిచేసి చూపించిన పేజీ ఒకటి దరఖాస్తుకి జతచేస్తే దాని విలువే వేరు. ప్లూటో అనే చిన్న సాఫ్ట్‌వేర్ రేడియో బోర్డుతో అందుకు సరిపోయే చిన్న ప్రయోగం ఇది.

డైరెక్ట్ కన్వర్షన్ రేడియోలో (సిగ్నల్‌ను ఒకే మెట్టులో సున్నా ఫ్రీక్వెన్సీ చుట్టూకి దించేది) సిగ్నల్ వెళ్లే ఐ, క్యూ దారులు రెండూ ఒకే గెయిన్‌తో, సరిగ్గా 90 డిగ్రీల తేడాతో ఉండాలి. లేకపోతే మధ్య ఫ్రీక్వెన్సీకి ఒక పక్క +ఎఫ్ దగ్గరున్న సిగ్నల్‌కి రెండో పక్క −ఎఫ్ దగ్గర ఒక నకలు లేస్తుంది. అదే ఇమేజ్. గెయిన్‌లో 1 శాతం, ఫేజ్‌లో 1 డిగ్రీ తేడా ఉంటే ఇమేజ్ అసలు సిగ్నల్ కంటే సుమారు 40 డీబీ (డెసిబెల్) కింద ఉంటుంది. ఈవీఎమ్‌కి (సిగ్నల్ ఉండాల్సిన చోటు నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలత) అదొక్కటే 1 శాతం. 5జీ బేస్ స్టేషన్‌కి 256 క్వామ్‌లో (ఒక్కో సింబల్‌లో 8 బిట్లు పంపే పద్ధతి) అన్ని లోపాలూ కలిపి అనుమతించేదే 3.5 శాతం.

సామాను

అడాల్మ్ ప్లూటో బోర్డు, ఒక ఎస్ఎంఏ కేబుల్ (మర కనెక్టర్ ఉన్న రేడియో కేబుల్), కనీసం 3 గిగాహెర్ట్జ్ దాకా పనిచేసే 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను బలహీనపరిచేది), పైథాన్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. కేబుల్, అటెన్యుయేటర్ కోసం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్తే కొనేముందు కనెక్టర్ లోపలికి తప్పకుండా చూడండి. వైఫై రౌటర్లకు వాడే ఆర్పీ ఎస్ఎంఏ కేబుల్ కూడా ప్లూటోకి చక్కగా బిగుస్తుంది, కానీ దాని మగ కనెక్టర్‌లో పిన్ను బదులు రంధ్రం ఉంటుంది. మధ్య తీగ తగలదు. అయినా లీకేజీ వల్ల సిగ్నల్ బలహీనంగా కనిపిస్తూనే ఉంటుంది, తప్పంతా కోడ్‌లో ఉందనుకుని వెతుకుతారు.

అటెన్యుయేటర్ లేకుండా టీఎక్స్‌ని (ట్రాన్స్‌మిటర్) ఆర్ఎక్స్‌కి (రిసీవర్) కలపకండి. ప్లూటో గరిష్ఠంగా సుమారు 7 డీబీఎమ్ (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్‌లు) వదులుతుంది. రిసీవర్ చిప్ తట్టుకునే హద్దు 2.5 డీబీఎమ్. యాంటెన్నాలూ వద్దు: గోడల మీంచి తిరిగొచ్చే తరంగాలు, చుట్టుపక్కల వైఫై కలిసి కొలత చెడిపోతుంది.

సెట్టింగులు

అందరూ టీఎక్స్, ఆర్ఎక్స్ లోకల్ ఆసిలేటర్లను (మధ్య ఫ్రీక్వెన్సీని పుట్టించేవి) ఒకే ఫ్రీక్వెన్సీకి పెడతారు. ఈ కొలత చెడేది అక్కడే. ట్రాన్స్‌మిటర్ ఇమేజ్, రిసీవర్ ఇమేజ్ రెండూ ఒకే గీత మీద పడతాయి, ఏది ఎంతో విడదీయలేం. రెంటినీ 500 కిలోహెర్ట్జ్ ఎడంగా పెట్టండి: టీఎక్స్ 2440 మెగాహెర్ట్జ్, ఆర్ఎక్స్ 2439.5. రెండు ఆసిలేటర్లకూ ఆధారం బోర్డు మీది ఒకే క్రిస్టల్ కాబట్టి ఈ ఎడం స్థిరంగా ఉంటుంది.

శాంపిల్ రేటు సెకనుకు 20 లక్షలు, బఫర్ 20,000 శాంపిల్స్. అప్పుడు ఎఫ్ఎఫ్‌టీలో (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) ఒక్కో గడి 100 హెర్ట్జ్. 100 కిలోహెర్ట్జ్ కాంప్లెక్స్ టోన్‌కి బఫర్‌లో సరిగ్గా 1000 చుట్లు పడతాయి, అదే బఫర్‌ను మళ్లీ మళ్లీ పంపే సైక్లిక్ బఫర్‌లో అతుకు దగ్గర తెగదు. టీఎక్స్ గెయిన్ −10 డీబీ, డిజిటల్ యాంప్లిట్యూడ్ ఫుల్ స్కేల్‌లో సగం. ఆర్ఎక్స్ గెయిన్‌ను మాన్యువల్‌కి మార్చి, తక్కువతో మొదలుపెట్టి, శాంపిల్ గరిష్ఠం 1000 చుట్టూ వచ్చేదాకా పెంచండి. ఫుల్ స్కేల్ 2048. క్వాడ్రేచర్ ట్రాకింగ్ ఆపేయండి, లేకపోతే మీరు కొలవాల్సిన లోపాన్ని చిప్పే దిద్దేస్తుంది.

చదవడం

బ్లాక్‌మన్ హారిస్ విండోతో (ఒక గీత పక్క గడుల్లోకి చిందకుండా శాంపిల్స్‌కిచ్చే తూకం) ఎఫ్ఎఫ్‌టీ గీస్తే అసలు టోన్ +600 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. +500 దగ్గరిది టీఎక్స్ ఆసిలేటర్ లీకేజీ, +400 దగ్గరిది టీఎక్స్ ఇమేజ్. సున్నా దగ్గర రిసీవర్ డీసీ (మారని ఆఫ్‌సెట్). మనకు కావలసిన ఆర్ఎక్స్ ఇమేజ్ −600 దగ్గర ఒంటరిగా నిలబడుతుంది.

+200 దగ్గర కూడా గీత లేచిందా? అది టీఎక్స్ బేస్‌బ్యాండ్‌లో పుట్టిన మూడో హార్మోనిక్, ఐక్యూ లోపం కాదు. టీఎక్స్ డిజిటల్ యాంప్లిట్యూడ్‌ను 6 డీబీ తగ్గించి చూడండి: హార్మోనిక్ సుమారు 18 డీబీ పడిపోతుంది, ఇమేజ్ మాత్రం టోన్‌తో పాటు 6 డీబీయే తగ్గుతుంది.

దిద్దడం

−600 గడిలోని కాంప్లెక్స్ విలువను, +600 గడి విలువ కాంజుగేట్‌తో (ఊహా భాగం గుర్తు మార్చిన సంఖ్య) భాగించండి. వచ్చిన సంఖ్యే దిద్దుబాటు గుణకం. ప్రతి శాంపిల్ నుంచీ, ఆ గుణకంతో గుణించిన దాని కాంజుగేట్‌ను తీసేయండి. అంతే, కోడ్ రెండు వరుసలు. గుణకాన్ని ఒక బఫర్‌లో లెక్కగట్టి వేరే బఫర్ మీద పరీక్షించండి. అదే బఫర్ మీద ఇమేజ్ పూర్తిగా మాయమవడం గొప్పేమీ కాదు, లెక్క అలా కుదురుతుంది.

ట్రాకింగ్ ఆపినా చిప్ అంతకుముందు చేసిన దిద్దుబాటు మిగిలిపోయి, ఇమేజ్ నాయిస్‌లో కలిసి ఉండవచ్చు. అప్పుడు అందుకున్న శాంపిల్స్‌లో క్యూ భాగాన్ని 1.05తో గుణించండి. ఇమేజ్ సుమారు 32 డీబీ కింద తేలాలి. తేలకపోతే కోడ్‌లోనే తప్పుంది. ఇమేజ్ బాగానే కనిపిస్తున్నా ఈ పరీక్ష మానకండి.

ఇక టోన్‌ను 100 నుంచి 300 కిలోహెర్ట్జ్ వరకు జరుపుతూ గుణకం ఎలా మారుతుందో గీయండి. ఐ, క్యూ ఫిల్టర్లు అచ్చం ఒకేలా ఉండవు కాబట్టి వెడల్పు సిగ్నల్‌కి ఒక్క గుణకం చాలకపోవచ్చు, కాంజుగేట్ దారిలో ఒక్క గుణకం బదులు 3 నుంచి 7 ట్యాపుల (గుణకాల) ఫిల్టర్ కావాలి. నిజమైన పరిశోధన ప్రశ్నలు మొదలయ్యేది ఇక్కడే. బోర్డును అరగంట వేడెక్కనిచ్చాకే కొలవండి. దరఖాస్తు పేజీలో దిద్దకముందు, దిద్దిన తర్వాత స్పెక్ట్రమ్‌లు, పెట్టిన గెయిన్‌లు, నాయిస్ మట్టం మూడూ రాయండి.