గంజాం తీరంలో కోతకు గురైన ఒడ్డును మేట ఇసుకతో నింపుకొనే విధానం

బాహుదా నది మొగ నుంచి ఋషికుల్య నది మొగ వరకు ఉన్న మన జాలరి పల్లెల్లో ఒడ్డు కోతకు గురైతే అందరూ ముందు అడిగేది రాళ్ల గట్టు. అది వెనకున్న ఇళ్లను కొంతకాలం కాపాడవచ్చు గాని ముందున్న ఇసుకను నిలపదు, పడవలు ఎక్కించే చోటు కూడా పోతుంది. సముద్రం మరోచోట మేట వేసిన ఇసుకనే తెచ్చి పోసుకోవడం రెండో మార్గం; అయితే ఇది ఏటా చేయవలసిన పని.

మొదట ఇసుక నడక తెలియాలి. నైరుతి రుతుపవనాల అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలులకు కొంత వెనక్కి మళ్లినా ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కాబట్టి అడ్డం లేని తీరంలో ఉత్తరాన పేరుకున్నదాన్ని దక్షిణానికి తేవాలి. రేవు గోడలున్న చోట దక్షిణాన మేట, ఉత్తరాన కోత పడతాయి గనుక అక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి మోయాలి.

కొలతకు యంత్రాలు అక్కర్లేదు. సెంటీమీటర్ల గీతలు పెట్టిన రెండు సమానమైన కర్రలను రెండు మీటర్ల తాడుతో కలిపి, కదలని స్తంభం దగ్గర మొదలుపెట్టి పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీటి వైపు దిగుతూ పోవాలి. కింది కర్ర కొన మీదుగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తే ఆ చూపు పై కర్రను కొన నుంచి ఎంత కిందుగా తాకుతుందో ఆ రెండు మీటర్లలో నేల అంత దిగినట్టు. నెలనెలా రాసుకుంటే పోయిన ఇసుక లెక్క తేలుతుంది: 200 మీటర్ల పొడవున, 15 మీటర్ల వెడల్పున ఒక మీటరు దిగితే 3,000 ఘనపు మీటర్లు, అంటే పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌కు 300 ట్రిప్పులు.

తెచ్చే ఇసుక రేణువు ఇక్కడిదంతైనా, కొంచెం ముతకగానైనా ఉండాలి. గాజు సీసాలో నీళ్లు పోసి గుప్పెడు వేసి ఊపండి; నీరు చాలాసేపు మురికిగానే ఉంటే అందులో ఒండ్రు ఎక్కువ, అలకు నిలవదు. మేటను పలుచని పొరగా గీకాలి, గోతులు మిగల్చకూడదు. బాలబంద తీగ అల్లుకున్న దిబ్బల జోలికి అసలే పోవద్దు, తుపాను అలకు ఊరి అడ్డుగోడ అదే.

పోసేటప్పుడు దిబ్బ పాదం నుంచి నీటి వైపు సహజమైన వాలుకే సర్దాలి. నిట్టనిలువుగా వదిలితే అల కోసిన అంచు తాబేలు ఎక్కలేని గోడవుతుంది. ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలలో గుంపులుగా గుడ్లు పెడతాయి, పిల్లలు బయటికి రావడానికి ఇంకో 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ చుట్టుపక్కల పిల్లలన్నీ వెళ్లాకే, వానలు ముదరకముందే పని ముగించాలి. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలో ఇసుక తవ్వకం నిషిద్ధం కనుక పంచాయతీ తీర్మానంతో, కొలతల పట్టికతో ఒడిశా తీరప్రాంత యాజమాన్య ప్రాధికార సంస్థను, అటవీ శాఖను ముందే సంప్రదించాలి.

వానాకాలం పోయాక మళ్లీ అవే చోట్ల కొలవండి. పోసినదంతా ఒక్క ఋతువులోనే పోతే ట్రిప్పులు పెంచి లాభం లేదు; ఇసుక వచ్చే వైపు, అంటే దక్షిణాన, అడ్డం దగ్గర ఆగిన ఇసుకను దాటించే బాధ్యతను ఆ అడ్డం కట్టినవారినే అడగాలి. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు చేరుస్తున్నారు, కాబట్టి ఇది కొత్త కోరికేమీ కాదు.