బాబ్ డిలన్ పాట ఎక్కడ పుట్టిందో, ఏం చెబుతోందో వెతకడం ఎలా?

అమెరికా గాయకుడు, పాటల కవి బాబ్ డిలన్ పాట ఒకటి మనసుకు పట్టగానే చాలామంది చేసే పని, దాని అర్థం ఏమిటని ఫోన్లో వెతకడం. ఎవరో రాసిన ఊహ ఒకటి దొరుకుతుంది. ఆ తర్వాత పాట ఎన్నిసార్లు విన్నా ఆ ఊహే వినిపిస్తుంది. అందుకే అర్థాన్ని చివరికి పెట్టుకోమంటాను. పాట ఎవరి నోట పలుకుతోంది, ఆ బాణీ ఎక్కడిది, ఎప్పుడు ఏ సంగతి మీద కట్టారు అన్నవి తెలిస్తే అర్థం చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఓరుగల్లు చుట్టుపక్కల, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెరిగినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. బతుకమ్మ ఆడేచోట ‘ఉయ్యాలో’ అంటూ ఒకే వరుసలో సీతమ్మ కథా వస్తుంది, అత్తింటి కష్టమూ వస్తుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అవే వరుసల్లో ఉద్యమ పాటలూ వచ్చాయి. పాత బాణీకి కొత్త మాటలు కడితే మనం తప్పు పట్టం. డిలన్ పనిచేసిన తీరు కూడా అదే. 1965లో ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ వచ్చి చేరాక జనం దాన్ని ఫోక్ రాక్, అంటే జానపదమూ రాక్ సంగీతమూ కలిసినది, అన్నారు గానీ, పాట కట్టడం ఆయన చాలావరకు నేర్చుకున్నది పల్లె పాట దగ్గరే.

1. ముందు వినండి, తర్వాత చదవండి

సాహిత్యం చూడకుండా రెండు మూడుసార్లు వినండి. అర్థం కాని మాటల గురించి టెన్షన్ పడొద్దు. ఎక్కడ గొంతు పెరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది అన్నది గమనిస్తే చాలు. తర్వాత డిలన్ అధికారిక వెబ్‌సైట్‌లో సాహిత్యం తెరవండి, డబ్బు కట్టనక్కర్లేదు. అచ్చులో ఉన్నదీ పాడిందీ అక్కడక్కడా వేరుగా ఉంటాయి. తేడా కనపడినచోట గుర్తు పెట్టుకోండి.

2. పాడుతున్నది ఎవరో తేల్చుకోండి

పాటలో ‘నేను’ అని వినపడగానే అది కవే అనుకుంటాం. చాలా పాటల్లో కాదు. దీనికి సింగరేణి ప్రాంతం వాళ్లు తప్పకుండా వినాల్సిన పాట ఒకటుంది: 1964లో వచ్చిన ఆల్బమ్‌లోని ‘నార్త్ కంట్రీ బ్లూస్’.

అది ఇనుప గనుల ఊరి కథ. రండి, కూర్చోండి, చెబుతాను అని మొదలవుతుంది. తల్లి జబ్బున పడింది, అన్న పెంచాడు. ఒకరోజు అన్న పని నుంచి తిరిగి రాలేదు, అంతకుముందు తండ్రి రానట్టే. ఇంతవరకు పాడుతున్నది మగమనిషి అనే అనుకుంటాం. బడి మానేసి గని కార్మికుణ్ణి పెళ్లి చేసుకున్నానని చెప్పినప్పుడు తెలుస్తుంది, చెబుతున్నది ఒక ఇల్లాలని. అక్కడ ఆపి మళ్లీ మొదటి నుంచి వినండి. అన్నీ ఆమె చూసిన చావులుగా వినిపిస్తాయి.

తర్వాత కారణం చెప్పకుండా పని సగం షిఫ్టుకు కోస్తారు. పదకొండో నంబరు గని మూసేస్తున్నామని ఒకాయన వచ్చి చెప్పిపోతాడు. దక్షిణ అమెరికాలో కూలీలు దాదాపు ఊరికే పనిచేస్తారు కాబట్టి ఖనిజం అక్కడ చవక, అదీ సంగతి. భర్త తాగుడుకు పడి ఒక తెల్లవారుజామున ముగ్గురు పిల్లల్నీ ఆమెనూ వదిలి వెళ్లిపోతాడు. గోదావరిఖనిలో మనకూ 11 ఇంక్లైన్ అనే బొగ్గు గని ఉంది. భూగర్భ బాయిలు మూతపడ్డ బెల్లంపల్లిలో పెరిగినవాళ్లకు ఈ పాటను ఇంకొకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు కవి ఊరు చూడండి. డిలన్ 1941 మే 24న అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టాడు, పెరిగింది అదే రాష్ట్రంలో హిబ్బింగ్ అనే ఇనుప గనుల ఊళ్లో. అసలు పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. ఊరి కిందే ఖనిజం ఉందని 1919 నుంచి ఇళ్లనూ భవనాలనూ పక్కకు జరిపిన చరిత్ర హిబ్బింగ్‌ది. ఆయన తండ్రి గని కార్మికుడు కాదు, ఇంటి సామాన్లు, కరెంటు సామాన్లు అమ్మే దుకాణం నడిపాడు. అంటే ఇది సొంత ఇంటి కథ కాదు, ఊరి కథ. ఆ తేడా నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

3. బాణీ ఎక్కడిదో వెతకండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమంటాను. సాహిత్యం పక్కన పెట్టి వరుసను మాత్రం కూనిరాగంలా తీయండి. పాట పేరుతోపాటు ‘ట్రెడిషనల్’, ‘మెలడీ’ అనే మాటలు చేర్చి వెతికితే పాత పాట పేరు దొరుకుతుంది. ఆ పాత పాట రికార్డింగ్ విని, వెంటనే డిలన్ పాట వినండి. ఎవరో చెప్పారని కాకుండా మీ చెవి ఒప్పుకోవాలి.

‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ బాణీ ‘నో మోర్ ఆక్షన్ బ్లాక్’ నుంచి వచ్చిందని డిలనే తర్వాత ఒప్పుకున్నాడు. అది నల్లజాతి బానిసల పాట, మనుషుల్ని వేలం వేసే దిమ్మె ఇక నాకు లేదని పాడుకున్నది. ఆ సంగతి తెలిశాక డిలన్ పాటలో మనుషులకు స్వేచ్ఛ దొరకడానికి ఇంకెన్నేళ్లు పడుతుందనే ప్రశ్న వచ్చినప్పుడు, అది అందమైన ప్రశ్నగా మాత్రమే మిగలదు. మాట చెప్పనిది బాణీ చెబుతోంది. 1962లో ఆ పాట విన్న నల్లజాతి శ్రోతల్లో ఆ వరుస తెలిసినవాళ్లకు ఇది ఎవరి గురించో విడిగా చెప్పాల్సి వచ్చి ఉండదు.

కొన్నిసార్లు వరుస కాదు, కట్టడం వస్తుంది. ‘ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గొన్నా ఫాల్’ (పొట్టిగా ‘హార్డ్ రెయిన్’) పాటలో ఎక్కడికి వెళ్లావు కొడుకా, ఏం చూశావు కొడుకా అని అడుగుతుంటే కొడుకు జవాబు చెబుతుంటాడు. ఇది ‘లార్డ్ రాండల్’ అనే పాత బ్రిటిష్ కథాగేయం కట్టడం. అందులోనూ తల్లి అడుగుతుంది, విషం తిన్న కొడుకు జవాబిస్తాడు. పాత పాటలో ఒక కొడుకు చనిపోతున్నాడు. డిలన్ పాటలో ఆ కొడుకు చూసొచ్చిన లోకమంతా అదే స్థితిలో ఉంది. నాకు ఆయన పాటల్లో ఇంతకంటే గొప్ప కట్టడం కనపడలేదు.

ఇలాంటి పాత పాటలకు నంబర్లు ఉన్నాయి. ఫ్రాన్సిస్ చైల్డ్ అనే పండితుడు 19వ శతాబ్దం చివర్లో 305 కథాగేయాలు పాఠాంతరాలతో సహా అచ్చువేశాడు. అందులో ‘లార్డ్ రాండల్’ది 12వ నంబరు. రౌడ్ సూచిక అని ఇంకొకటి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేర్లు మారిపోయిన పాటల్ని నంబరుతో పట్టుకోవచ్చు.

4. తేదీలు పక్కపక్కన రాయండి

‘హార్డ్ రెయిన్’ క్యూబా క్షిపణుల సంక్షోభం చూసి భయంతో రాసిందని ఇప్పటికీ చాలామంది చెబుతారు. క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని అమెరికా అధ్యక్షుడు కెనెడీ టీవీలో ప్రకటించింది 1962 అక్టోబర్ 22న. డిలన్ ఆ పాటను న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో పాడింది అదే ఏడు సెప్టెంబర్ 22న, సరిగ్గా నెల ముందు. రెండు తేదీలు చాలు, కథ నిలవదని తెలియడానికి. అయితే అణుయుద్ధ భయం అప్పటికే జనంలో ఉంది, సంక్షోభం వచ్చాక విన్నవాళ్లకు పాట అలాగే వినపడింది. పాట పుట్టిన కారణం వేరు, జనం దాన్ని వాడుకున్న తీరు వేరు. రెండూ రాసుకోండి, కలపొద్దు.

5. వార్తనూ పాటనూ ఎదురెదురుగా పెట్టండి

నిజంగా జరిగిన సంఘటన మీద కట్టిన పాటయితే పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు రికార్డుల్లో ఉన్నది, కుడివైపు పాటలో ఉన్నది.

1963 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని ఒక హోటల్ విందులో విలియం జాంట్‌జింగర్ అనే 24 ఏళ్ల ధనిక తెల్ల యువకుడు తాగి, అక్కడ పనిచేసే 51 ఏళ్ల నల్లజాతి మహిళ హాటీ కారల్‌ను చేతికర్రతో కొట్టాడు. తెల్లారేసరికి ఆమె మెదడులో రక్తస్రావంతో చనిపోయింది. మొదట హత్యానేరం పెట్టారు, తర్వాత అది తగ్గింది. ఆగస్టు 28న ఆరు నెలల జైలు, 500 డాలర్ల జరిమానా వేశారు. అదే రోజు వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహాప్రదర్శన జరిగింది, డిలన్ అక్కడ పాడాడు కూడా. ఈ సంఘటన మీద కట్టిన ‘ద లోన్‌సమ్ డెత్ ఆఫ్ హాటీ కారల్’ పాటను అక్టోబర్‌లో రికార్డు చేశాడు.

కుడివైపు చూడండి. నేరారోపణ తగ్గిన సంగతి పాటలో లేదు. నిందితుడి ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆమె నల్లజాతి మనిషని పాట ఎక్కడా చెప్పదు. బల్లలు తుడిచింది, ఎంగిలి గిన్నెలు తీసింది, ఇంటిపెద్ద కూర్చునే చోట ఆ బల్ల దగ్గర ఎన్నడూ కూర్చోలేదు అని మాత్రం చెబుతుంది. ఒక్కో చరణం తర్వాత ఇది ఏడవాల్సిన సమయం కాదని ఆపుతూ వస్తుంది. చివర్న శిక్ష వినిపించాకే, ఇప్పుడు ఏడవండి అంటుంది. కన్నీళ్లు చావు కోసం కాదు, తీర్పు కోసం. ఆ నిర్ణయం పూర్తిగా కవిది, వార్తలో దొరకదు. గీతకు రెండు వైపులా రాస్తే తప్ప ఇది కంటికి ఆనదు.

6. కవి మాటకూ తేదీ వేయండి

డిలన్ ఇంటర్వ్యూల్లో ఒకే పాట గురించి వేర్వేరు మాటలు దొరుకుతాయి. ‘హార్డ్ రెయిన్’ వచ్చిన 1963 ఆల్బమ్ అట్ట మీద, ఆయన మాటలతో కలిపి అచ్చైన రాత దాన్ని క్యూబాతో ముడిపెట్టింది. అదే 1963లో స్టడ్స్ టర్కెల్ రేడియో కార్యక్రమంలో, అది అణువర్షం కాదు, ఉత్త గట్టి వానే అన్నాడు. ఏది నిజమని తగువు పడకుండా, ఏ మాట ఎప్పుడు అన్నాడో రాసి పెట్టుకోండి.

7. ఇదే పద్ధతిలో మన పాట ఒకటి పట్టుకోండి

‘బండెనక బండి కట్టి’తో మొదలుపెట్టవచ్చు. ‘మాభూమి’ సినిమాలో గద్దర్ గొంతులో విన్నవాళ్లు ఎందరో అది ఆయన రాసిందే అనుకుంటారు. నిజాం కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. ఎవరి మీద కట్టారు, ఏ వరుస నుంచి వచ్చింది, తర్వాత ఎవరెవరు మాటలు మార్చారు అన్నవి పైన చెప్పిన క్రమంలోనే వెతకండి.

చైల్డ్ లాంటి పెద్ద పని మన దగ్గర చేసినవాళ్లలో వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు ఒకరు. జానపద గేయాల మీద ఆయన పరిశోధన గ్రంథం కోసం గ్రంథాలయాల్లో అడగండి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉండనే ఉంది.

పుస్తకాల్లో లేనిది మనుషుల దగ్గర ఉంటుంది. సంక్రాంతికి ఐలోని మల్లన్న జాతరకు వెళ్తే ఒగ్గు కథ చెప్పే కళాకారులు కనిపిస్తారు. కథ నడుస్తుండగా అడ్డుపడొద్దు, ముగిశాక కూర్చుని అడగండి. పాట అర్థం ఏమిటని కాదు, ఈ వరుస మీకు ఎవరు నేర్పారు, వాళ్లది ఏ ఊరు, అప్పట్లో ఇదే వరుసలో ఇంకే పాటలు పాడేవాళ్లు అని. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఊరు, తేదీ ముందే పలికి, ఆ తర్వాత పాట పాడించుకోండి.