చలికాలం రాకముందే డ్రాగన్ లైటు చూసుకోండి

అమెరికాలో పిల్లలు పట్టుబట్టి బియర్డెడ్ డ్రాగన్ అనే తొండలాంటి జీవిని కొనిపించుకుంటారు, దాని ఆలనాపాలనా మాత్రం చివరికి అమ్మానాన్నల మీద పడుతుంది. అలాంటి అమ్మానాన్నలు అక్టోబర్‌లోనే ఒకసారి అది ఉండే గాజు ట్యాంకు పైకప్పు వైపు, అక్కడి లైటు వైపు చూడాలి. మిగతావన్నీ తర్వాత.

ఇది ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు జీవి, మన తొండల కుటుంబానిదే. ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) చర్మానికి తగిలితేనే దాని ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా సరిగా ఒంటబట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోని కాల్షియాన్ని లాక్కోవడం మొదలుపెడుతుంది. వేసవిలో పెరట్లో ఎండకు తిప్పి ఉంటే లైటులోని లోపం బయటపడదు. నవంబర్ నుంచి ఆ దారి మూసుకుపోతుంది. కిటికీ పక్కన పెట్టామనేది చాలామంది చెప్పే మాట, కానీ కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది.

ఎండకు బదులు ట్యాంకులో పెట్టే యూవీబీ ట్యూబు వెలుగుతోంది కదా అని నమ్మకండి. యూవీబీ కంటికి కనపడదు. వెలుగు అలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. టీ5 హెచ్‌వో (సన్నగా, ఎక్కువ శక్తితో వెలిగే రకం) ట్యూబును సుమారు ఏడాదికోసారి మార్చాలి. మార్చిన తేదీని ట్యూబు చివరన మార్కర్‌తో రాసుకోండి. 10 లేదా 12 శాతం యూవీబీ అని రాసి ఉన్న రకం, ట్యాంకు పొడవులో కనీసం సగం ఉండే తిన్నని ట్యూబు కొనండి. చుట్టలు తిరిగిన చిన్న బల్బులు చవకే, కానీ వాటి కింద ఒక్క చోట తప్ప యూవీబీ పెద్దగా అందదు, నేనైతే కొనమని చెప్పను. పైన ఉండే జాలీ కూడా చాలా భాగం తినేస్తుంది కాబట్టి, ట్యూబుకూ డ్రాగన్ వీపుకూ మధ్య ఎంత దూరం ఉండాలో కంపెనీ ఇచ్చిన పట్టిక చూసి పెట్టండి. మధ్యలో గాజు, ప్లాస్టిక్ ఉండకూడదు. వేడి బల్బు, ట్యూబు ఒకే వైపు ఉంటే వేడీ యూవీబీ కలిసి అందుతాయి. అది కూర్చునే రాయి మీద 100 నుంచి 105 ఫారెన్‌హీట్ ఉండాలి. రాత్రి అన్నీ ఆర్పేయండి.

ఇక కాల్షియం పొడి. డ్రాగన్‌కు మేతగా వేసే క్రికెట్ పురుగుల్లో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, అందుకే పొడి తప్పదు. ఫాస్ఫరస్, డి3 రెండూ లేని మామూలు కాల్షియం కొని, కవరులో పురుగులతో వేసి ఊపితే చాలు. పిల్ల డ్రాగన్‌కు దాదాపు రోజూ, పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు. డి3 కలిసిన పొడి, ట్యూబు బాగుంటే, వారానికి ఒకసారి మించొద్దు. నోటి ద్వారా ఎక్కువైన డి3 ఒంట్లోనే పేరుకుపోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మీరు వేసుకునే కాల్షియం మాత్రలు నూరి పెట్టొద్దు, వాటిలో చాలావాటికి డి3 కలిపే ఉంటుంది.

ఇండియన్ స్టోర్ ఆకుకూరలతో ఒక చిక్కుంది. పాలకూర, చుక్కకూర, గోంగూరల్లోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆవాకు, కాలర్డ్ గ్రీన్స్ పెట్టండి.

చలికాలంలో పెద్ద డ్రాగన్లు తిండి తగ్గించి వారాల తరబడి పడుకోవడం మామూలే. కానీ కాలి వేళ్లు అదరడం, దవడ మెత్తబడటం, కాళ్లు వంకర తిరగడం, పొట్ట ఎత్తి నడవలేకపోవడం నిద్ర లక్షణాలు కావు. అవి ఎముకల జబ్బు గుర్తులు. ఏడాది నిండని పిల్ల డ్రాగన్ మందకొడిగా ఉన్నా ఆగొద్దు. సరీసృపాలు చూసే వెట్ అన్ని ఊళ్లలో దొరకరు, ఆ నంబరు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఆడ డ్రాగన్ మగ తోడు లేకున్నా గుడ్లు పెట్టగలదు, దానికి కాల్షియం ఇంకా ఎక్కువ కావాలి.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినట్టు మళ్లీ పోతే, లైటు సంగతి చూసేకన్నా ముందు తిండి పెట్టడం ఆపండి. వేడి లేకపోతే అరగదు, కడుపులోనే కుళ్లిపోతుంది. హ్యాండ్ వార్మర్లను మందపాటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఒంటికి నేరుగా తగలనివ్వొద్దు. కరెంటు వచ్చి, ఒక రోజు పూర్తిగా వెచ్చబడ్డాకే మళ్లీ పురుగులు వేయండి.