కాలేజీ పాట కట్టాలంటే ముందు వరస కావాలి

పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఒక పాట కావాలని నా పాత శిష్యులు ఇద్దరు విశాఖ మహారాణిపేటలో మా ఇంటికి వచ్చారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. రెండు రోజుల్లో ఐదు చరణాలు రాసిచ్చాను. రిహార్సల్‌కి నలభై మంది నిలబడ్డారు, మొదటి పాదం దగ్గరే ఆగిపోయారు. "మేడం, చదువుకోడానికి బాగుంది గానీ పాడదామంటే ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలియట్లేదు" అన్నాడొకడు. వాడన్నది నిజం. నేను మాటలు రాశాను, వరస గురించి ఆలోచించనే లేదు.

ఆ బాధతోనే పందొమ్మిదో శతాబ్దపు కాలేజీ పాటల కథలు వెతికి చదివాను. అమెరికాలోని ప్రిన్స్‌టన్ కాలేజీలో 1859లో సరిగ్గా ఇలాగే జరిగింది. హార్లన్ పేజ్ పెక్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు 'ఓల్డ్ నాసా' (Old Nassau) అనే కాలేజీ పాట రాస్తే విద్యార్థుల పత్రికలో అచ్చయింది. దాన్ని స్కాట్లండ్ వాళ్ల 'ఆల్డ్ లాంగ్ సైన్' వరసలో పాడి చూస్తే అతకలేదు. అక్కడే జర్మన్ చెప్పే కార్ల్ లాంగ్లాట్జ్ కొత్త వరస కట్టాకే పాట నిలబడింది. మీ కాలేజీలో అలాంటి సంగీతం తెలిసిన మాస్టారు ఉంటే అదృష్టమే. లేకపోతే నా మాట విని ముందు వరస ఎంచుకోండి, ఆ తర్వాతే కలం పట్టుకోండి.

అప్పటి విద్యార్థుల్లో చాలామంది చేసింది అదే. 1870 ప్రాంతంలో అక్కడి కార్నెల్ యూనివర్సిటీలో ఒకే గదిలో ఉండే ఆర్చిబాల్డ్ వీక్స్, విల్మాట్ స్మిత్ కలిసి తమ కాలేజీ పాట రాశారు. వరస కోసం ఎక్కడికీ పోలేదు. జనం నోళ్లలో ఉన్న 'ఆనీ లైల్' పాటనే తీసుకున్నారు. అది 1857 నాటిది, జబ్బుతో చనిపోయే ఒక అమ్మాయి గురించిన విషాద గీతం. ఆ ఏడుపు పాట వరసలో కాలేజీ మీద ప్రేమ పాడుకుంటే ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. పైగా ఇంకెన్నో కాలేజీలు, స్కూళ్లు ఆ వరసనే తీసుకున్నాయి.

అయితే ఏ వరసైనా పనికొస్తుందని అనుకోకండి. యేల్ కాలేజీ పాటను 1881లో హెన్రీ డ్యూరాండ్ రాశాడు. ఆయన తీసుకున్నది 'డీ వాఖ్ట్ ఆమ్ రైన్' అనే జర్మన్ల దేశభక్తి పాట వరస. తర్వాతి కాలంలో అమెరికా రెండుసార్లు జర్మనీ మీద యుద్ధానికి వెళ్లింది. కాబట్టి వరస పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోండి. సినిమా పాటల వరసలు మాత్రం నేను వద్దంటాను. మీరు ఎంత బాగా రాసినా, హాల్లో సగం మంది నోట పాత మాటలే వచ్చేస్తాయి. ఊడ్పుల పాటలు, తిరగలి పాటలు, పడవ పాటలు ఇన్ని ఉండగా మనకు వరసలకు కరువేమిటి?

మేం చివరికి తకిట తకధిమి నడక పట్టుకున్నాం, అంటే మూడు మాత్రలు, నాలుగు మాత్రలు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. గురజాడ వారి ముత్యాల సరం అనే ఛందస్సు నడక ఇదే. 'దేశమును ప్రేమించుమన్నా' అన్నది చేత్తో తాళం వేస్తూ విడదీసి చదవండి: దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్నా, తర్వాత ఒత్తు ఉన్నా అది కూడా రెండే. తెలుగు మాటల్లో ఒత్తు పక్క మాట మొదట్లో ఉంటే మాత్రం ముందు అక్షరం బరువెక్కదు. అందుకే 'మును' రెండు మాత్రలే అయింది. ఈ లెక్క ఒక పూట కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

ఇక మాటలు. నేను మొదట రాసిన పాదం 'జ్ఞానజ్యోతులు వెలిగించిన సరస్వతీ నిలయమా'. అందులో మన ఊరు ఎక్కడుంది? ఏ కాలేజీకైనా అతికించేయొచ్చు. కార్నెల్ కుర్రాళ్లు మొదటి పాదంలోనే తమ కొండ కింద ఉన్న కయూగా సరస్సు పేరు పెట్టారు. అందుకని ఈసారి నేను రాయడం మానేసి పిల్లల్ని అడిగాను. పిల్లలంటే యాభై దాటినవాళ్లే! "చదువుకునే రోజుల్లో కళ్లు మూసుకుంటే ఏం కనబడేది?" అన్నాను. ఒకమ్మాయి, పరీక్షల ముందు రాత్రుళ్లు హాస్టల్ డాబా మీద చదువుకుంటుంటే డాల్ఫిన్స్ నోస్ అనే కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ వచ్చి వెళ్లేదని చెప్పింది. "ఆ కొండను యారాడ కొండ అని పెడదామా" అన్నారెవరో. యారాడ ఐదు మాత్రలు, మా నడకలో ఇమడలేదు. అరగంట కుస్తీ పడ్డాక ఆ అమ్మాయే అంది:

లైటుహౌసుకు నిద్ర రాదట
మాకు తోడుగ మేలుకొందట

వేళ్ల మీద లెక్కపెట్టాను. లైటు, హౌసుకు, నిద్ర, రాదట. ఎక్కడా ఒక్క మాత్ర తేడా లేదు. నా ఐదు చరణాల్లో ఇంతటి పాదం ఒక్కటి లేదు.

రాయడం పండితుల పని అని వెనక్కి తగ్గకండి. పెక్ అప్పుడే కాలేజీలో చేరినవాడు. అంతదూరం ఎందుకు, మన పక్కనే విజయనగరంలో గురజాడ వారు విద్యార్థిగా ఉండగానే 1883లో 'సారంగధర' అనే ఇంగ్లీషు కావ్యం అచ్చు వేయించారు. హార్వర్డ్ పాట రాసిన శామ్యూల్ గిల్మన్ మాత్రం మా వాళ్లలాగే పూర్వ విద్యార్థి. 1811లో చదువు ముగించి, కాలేజీ రెండు వందల ఏళ్ల పండుగ కోసం 1836లో రాశాడు.

పల్లవి రెండు పాదాలు, చరణాలు రెండు చాలు. వరస ఐదారు స్వరాల్లోనే తిరగాలి. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి పాడేటప్పుడు పైస్థాయికి వెళ్తే సగం గొంతులు ఆగిపోతాయి. రికార్డింగ్ పెట్టి నేర్పించకండి, ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. మేం సాయంత్రాలు బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని నేర్చుకున్నాం. అలల హోరులో కూడా వినబడిన పాదాలు ఉంచాం, ఆ హోరు మింగేసిన మాటలు మార్చేశాం.

చివరగా, పాట కాగితం అడుగున ఎవరు రాశారో, వరస ఎక్కడిదో, ఏ సంవత్సరమో తప్పకుండా వేయండి. 'విద్యార్థులు' అని ఊరుకోవద్దు, పేర్లు వేయండి. మా కాగితం మీద ఆ అమ్మాయి పేరే మొదట ఉంది. ఒక కాపీ కాలేజీ లైబ్రరీకి, ఒకటి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఇచ్చి వచ్చాం.